సిద్ధగోరాలో ఎర్ర ట్యాగు

ఆ గురువారం చిన్నారావుకి బి షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి మిల్లులో ఉంటే చాలు. అందుకని ఉదయం ఎనిమిదింటికి వరండాలో కుర్చీ వేసుకుని, టీ గ్లాసు చేత పట్టుకుని, ఆ పూట పనులు మనసులో వరసపెట్టుకున్నాడు. వంటింటి కుళాయికి వాషరు మార్చాలి. పదకొండింటికి అన్నం తినాలి. తిన్నాక గంటసేపు కునుకు తియ్యాలి. వీటిలో ముఖ్యమైనది కునుకు.

చిన్నారావు టాటానగర్ ఉక్కు కంపెనీ రోలింగ్ మిల్లులో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎలక్ట్రీషియన్, కాపురం సిద్ధగోరా క్వార్టర్లలో. లారీ అంత మోటార్లు ఆయన చెయ్యి పడితే మాట వింటాయని మిల్లులో పేరు. ఇంట్లో ఒకే ఒక వస్తువు జోలికి మాత్రం వెళ్ళడు. అది ముందుగదిలో బల్లమీద, పూల గుడ్డ కింద ఉండే కూతురి కంప్యూటరు.

దానికో కారణం ఉంది. కిందటి వానాకాలం ఒక సాయంత్రం ఉరుములూ మెరుపులూ మొదలయ్యేసరికి, వస్తువు కాలిపోతుందేమోనన్న మంచి ఉద్దేశంతోనే, నడుస్తున్న కంప్యూటరు ప్లగ్గు పుటుక్కున ఊడదీశాడు. శ్రీదేవి అప్పటికి నాలుగు గంటలుగా కూర్చుని టైపు చేసినదంతా గాలిలో కలిసిపోయింది. పిల్ల అరిచి గోల చేసి ఉంటే ఆయనకి బాగుండేది. "పర్లేదు నాన్నా" అని, బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని, కుళాయి పూర్తిగా తిప్పేసింది. ఆ నీళ్ళ చప్పుడు దేన్ని కప్పుతోందో గుమ్మం బయట నిలబడ్డ చిన్నారావుకి తెలుసు. ఆ రోజు నుంచి ఆయన ఆ గదిలో అడుగు పెట్టలేదు, ఇంట్లోకి రావడం పోవడం పెరటి దారినే. టీవీ కూడా ఆ గదిలోనే ఉంది కాబట్టి క్రికెట్టు మ్యాచి గుమ్మం బయట నిలబడే చూస్తాడు. యాభై ఓవర్లూ నిలబడే చూస్తాడు.

అలాంటిది ఆ ఉదయం లోపల్నుంచి పిలుపు వచ్చింది.

"నాన్నా, జరా ఇలా రా!"

చిన్నారావు గ్లాసు కింద పెట్టి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. శ్రీదేవి కాలేజీ సంచీ భుజాన తగిలించుకుని, ఒక చెప్పు వేసుకుని, రెండో చెప్పు కోసం కాలితో వెతుక్కుంటోంది.

"లోపలికి రా నాన్నా. ఇదిగో, అప్‌డేట్ పెట్టాను. చిన్నదే."

"అప్‌డేటంటే ఏటమ్మా?"

"మీ మిల్లులో మెషీన్లకి మెయింటెనెన్స్ చెయ్యరూ? అలాంటిదే. పది నిమిషాలు పడుతుంది. నా ప్రాజెక్టు మొత్తం ఇందులోనే ఉంది, సబ్‌మిషన్ ఇవాళే. నువ్వు ఇక్కడ కూర్చుని చూస్తూ ఉండు. నేను మధ్యాహ్నానికి వచ్చేస్తా."

"నానా?"

"నువ్వే. ఆటో ఆ గయా, నేను పోతున్నా!"

వీధిలో షేర్ ఆటో హారన్ మోగింది. పిల్ల వెళ్ళిపోయింది. ఏడు నెలల తర్వాత చిన్నారావు ఆ గదిలోకి వెళ్ళి, కుర్చీ అంచున, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. మనసు ఒక్కసారిగా తేలికైంది. పిల్ల మళ్ళీ తన చేతికి ఇచ్చింది. ఈసారి ఏం జరిగినా సరే, దీనికి ఏమీ కానివ్వకూడదు.

నీలం తెర మీద తెల్లటి అక్షరాలు ఉన్నాయి. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాడు. కంప్యూటరు ఆపవద్దు, ప్లగ్గు ఊడదీయవద్దు, మూడు అప్‌డేట్లలో రెండోది జరుగుతోంది అని ఉంది. ప్లగ్గు సంగతి తనని ఉద్దేశించే రాశారేమోనని ఆయనకి చిన్న అనుమానం వచ్చింది.

పది నిమిషాలయింది. రెండోదే. అరగంటయింది. అప్పటికీ రెండోదే. చిన్నారావు కన్నార్పడం తగ్గించాడు. కుళాయి వాషరు ఆయన ప్రపంచంలోంచి వెళ్ళిపోయింది. గంటన్నర దాటాక పై పోర్షన్లో ఉండే నూకమ్మ మెట్లమీంచి చిన్నారావు భార్య సన్యాసమ్మకి కేకేసింది.

"వదినా! పదకొండింటికి లైను మనుషులొత్తారంట. కరెంటు తీసెత్తారు గావాల. ఇస్త్రీ ఉంటే ఇప్పుడే సేసీసుకో!"

చిన్నారావు కుర్చీలోంచి లేచాడు. ఈ ఊళ్ళో కంపెనీ క్వార్టర్లలో కరెంటు పోవడమే అరుదు. సంవత్సరానికి ఒకటో రెండో సార్లు పోతుంది. ఆ ఒకటో రెండో సార్లలో ఒకటి ఇవాళే వచ్చిపడాలా?

ఇక్కడ ఎర్ర ట్యాగు సంగతి చెప్పుకోవాలి. మిల్లులో ప్రతి ఎలక్ట్రీషియన్‌కీ సొంతంగా ఒక ఎర్ర ట్యాగు ఉంటుంది. దానిమీద పేరు, టోకెన్ నంబరు, ఫోటో ఉంటాయి. మోటారు మీదో తీగ మీదో పనిచేయబోయే మనిషి దాని స్విచ్చుకి ఆ ట్యాగు తగిలించి, చిన్న తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళతాడు. మనిషి లైను మీద ఉన్నాడు, స్విచ్చు ముట్టుకోవద్దు అని దానర్థం. తగిలించినవాడే దాన్ని తియ్యాలి. జనరల్ మేనేజరు దిగివచ్చినా దానిమీద చెయ్యి వెయ్యడు. ఆ ట్యాగు పుణ్యమా అని ప్రాణాలతో ఇల్లు చేరిన మనుషులు ఆ ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఉన్నారు.

చిన్నారావుకి ఆ పూట కావలసింది స్విచ్చు ముట్టుకోవద్దన్న రెండో ముక్క ఒక్కటే. మొదటి ముక్క ఆయనకి తట్టలేదు. డ్యూటీ సంచీలోంచి ట్యాగూ తాళమూ తీశాడు. ట్యాగు చేతిలో ఉంటే తలమీద హెల్మెట్ ఉండాలన్నది ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు గనక హెల్మెట్ పెట్టుకున్నాడు. హెల్మెట్ పెట్టాక చెప్పులు బాగుండవు గనక బూట్లు తొడిగాడు. మెట్ల కింద ఉన్న బ్లాకు మెయిన్ స్విచ్చు పెట్టెకి ట్యాగు తగిలించి, తాళం వేసి, లోపలికొచ్చి భార్యని పిలిచాడు.

"ఓలే సన్యాసీ! ఇక్కడ కూకో. తెర మీంచి కళ్ళు తియ్యకు. దేన్నీ ముట్టకు."

సన్యాసమ్మ చేతి పిండి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "నువ్వెక్కడికి మావా?"

"కరెంటు పోకుండా సూడాల. ఇప్పుడే వత్తాను," అని పెరటి తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ట్యాగు ఒక్కటే చాలదనీ, రెండో కాపలా కూడా ఉండాలనీ ఆయనకి తోచింది. జుగ్సలాయిలో ఫోటోకాపీ దుకాణం నడిపే ఆదిబాబు దగ్గర, కరెంటు పోయినా అరగంటసేపు కంప్యూటరుని నడిపే బ్యాటరీ పెట్టె ఉంది. అది తెచ్చి పెట్టేస్తే లైను మనుషులు వచ్చినా దిగుల్లేదు. పెట్టె బరువు, ఒళ్ళో పెట్టుకోవాలి. అందుకని స్కూటరు ఇంటి ముందే వదిలేసి టెంపో ఎక్కాడు.

ఆదిబాబు మంచివాడు, పెట్టె ఇచ్చాడు. కానీ చెరుకురసం తాగకుండా కదలనివ్వలేదు. తిరుగు టెంపో టాటానగర్ స్టేషను ముందు జనం కోసం ఆగి ఉండగా, ఒళ్ళో పెట్టెతో కూర్చున్న చిన్నారావుకి ఒక విషయం తట్టింది. ఈ పెట్టె తగిలించాలంటే ముందు కంప్యూటరు ప్లగ్గు ఊడదీయాలి. ఇరవై ఎనిమిదేళ్ళ ఎలక్ట్రీషియన్‌కి ఈ సంగతి జుగ్సలాయి దాకా పోయి వెనక్కి వస్తే గానీ తట్టలేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, పెట్టెని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

ఈలోగా ఇంటిదగ్గర జరిగింది తర్వాత పదిమంది పది రకాలుగా చెప్పగా ఆయనకి తెలిసింది. నిజానికి ఆ రోజు కరెంటు తీసే పని ఏదీ లేదు. లైన్‌మన్ మహతో వచ్చింది వీధి దీపం మార్చడానికి. ఆ దీపం స్విచ్చు కూడా మెట్ల కింద పెట్టెలోనే ఉంది. పెట్టె దగ్గరికొచ్చి, ఎర్ర ట్యాగు చూసి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్తంభం పైకి చూశాడు. మనిషి లేడు. మేడ మీదికి చూశాడు. అక్కడా లేడు. ట్యాగు మీద పేరు చదివి, చిన్నారావు కిటికీ దగ్గరికొచ్చి మనిషి ఎక్కడని అడిగాడు.

"భాభీ, ఆద్మీ కిధర్ హై?"

సన్యాసమ్మ కుర్చీలోంచి లేవకుండా, తల తిప్పకుండా జవాబిచ్చింది. "హెల్మెట్ పెట్టుకుని గయా. కరెంట్ దేఖ్‌నే గయా."

మహతో చుట్టూ చూశాడు. స్కూటరు ఇక్కడే ఉంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. హెల్మెట్ లేదు, బూట్లు లేవు, ట్యాగు వేలాడుతోంది. ఇంకేముంది, మనిషి లైను మీద ఎక్కడో ఉన్నాడు, పిలిస్తే పలకడం లేదు. మహతో పరుగున వెళ్ళి ఇంజనీరు ఘోష్‌కి ఫోను చేశాడు.

ఘోష్ ఉద్యోగంలో చేరి రెండు నెలలు. భద్రతా నియమాల పుస్తకం ఆయనకి కంఠోపాఠం. ట్యాగు పెట్టిన మనిషి కనబడకపోతే ముందు సరఫరా ఆపాలి, తర్వాత మనిషిని వెతకాలి అని అందులో ఉంది. ఘోష్ సబ్‌స్టేషనుకి చెప్పి సరఫరా ఆపించేశాడు. కరెంటు పోకూడదని చిన్నారావు తగిలించిన ట్యాగు వల్ల పదకొండుంబావుకి సిద్ధగోరాలో ఏడు వీధుల ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

మార్చి నెల ఎండలో ఫ్యాన్లు ఆగితే జనం బయటికి వస్తారు. బయటికొచ్చినవాళ్ళలో సగంమంది మిల్లు మనుషులు, మిగతా సగం రిటైరైన మిల్లు మనుషులు. అందరికీ ట్యాగు సంగతి తెలుసు, అందరూ సలహాలిచ్చారు. ఒకాయన నిచ్చెన తెప్పించాడు. ఒకాయన వాటర్ ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూశాడు. ఇంకొకాయన నేరేడు చెట్టుని వెదురుకర్రతో పొడిచి చూశాడు. అంబులెన్సు కూడా వచ్చి నిలబడింది. నూకమ్మ శ్రీదేవి కాలేజీకి ఫోను చేయించి, మెట్లమీద కూర్చుని ఏడుపు అందుకుంది.

పన్నెండు దాటాక చిన్నారావు పెట్టె భుజాన పెట్టుకుని వీధి మలుపు తిరిగాడు. తమ బ్లాకు ముందు జనాన్ని, నిచ్చెనని, అంబులెన్సుని చూసి కంగారుపడ్డాడు. గుంపు చివర నిలబడ్డ ఒక కొత్తమనిషిని అడిగాడు.

"క్యా హువా భాయ్?"

"ఎలక్ట్రీషియన్ లైన్ పర్ థా. మిల్ నహీ రహా."

లైను మీద ఉన్న మనిషి కనబడటం లేదట. చిన్నారావు ప్రాణం ఉసూరుమంది. తోటి ఎలక్ట్రీషియన్! "కిస్కా ట్యాగ్ హై?"

"కోయీ రావు హై."

తమ మిల్లులోనే పదిహేనుమంది రావులున్నారు. ఏ రావో పాపం, పిల్లలున్నారో ఏమో అనుకుంటూ జనంలోంచి ముందుకు తోసుకున్నాడు. అప్పుడే సన్యాసమ్మ గొంతు వినిపించింది. ఆమె మెట్లమీద నూకమ్మ పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నేలవైపు చూస్తూ నెమ్మదిగా మాట్లాడుతోంది.

"ఇరవయ్యేడేళ్ళయినాది వదినా. కూరలో ఉప్పు లేదనీసి ఒక్కరోజూ అన్లేదు. మజ్జిగేసుకు తినీసి లేసిపోతాడు. నాను కూకుని నోట్లో ఎట్టుకున్నాక గానీ నాకు తెలీదు, ఉప్పెయ్యలేదనీసి."

ఆ రావు ఎవరో చిన్నారావుకి అప్పుడు అర్థమైంది.

"బి షిఫ్టు దిగొచ్చినప్పుడు బూట్లు సేత్తో అట్టుకుని, పిల్లిలాగ వత్తాడు. నాను నిద్దరోతన్నాననుకుంటాడు. ఏ రోజూ నిద్దరోలేదు వదినా, ఆ మనిషొచ్చిందాకా నాకు కన్నంటదు. ఆ మాట సెప్పలేదు. సెబితే నా గురించి బెంగెట్టుకుంటాడనీసి సెప్పలేదు."

నూకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. హెల్మెట్ కింద, పెట్టె చాటున, చిన్నారావు కదలకుండా నిలబడ్డాడు. ముందుకెళ్ళి నేనిక్కడే ఉన్నానని చెప్పాలని తెలుసు. కాళ్ళు కదల్లేదు. ఇరవై ఏడేళ్ళలో ఆయన గురించి ఆవిడ అన్న మంచిమాటలు ఇవే. ఇంత తొందరగా బతికి రావడానికి ఆయనకి మనసొప్పలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"కాకపోతే వదినా, ఆ మొండితనం ఉందే..." అని సన్యాసమ్మ గొంతు సవరించుకుంది.

ఇక జాప్యం చెయ్యడం మంచిది కాదని చిన్నారావు ముందుకొచ్చాడు.

"ఓలే, నానిక్కడే ఉన్నాను."

"ఓలమ్మో!" అని నూకమ్మ రెండు మెట్లు పైకి ఎగిరింది. సన్యాసమ్మ లేచింది. దగ్గరికొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా నొక్కి చూసింది. అది నిజంగానే మోచెయ్యి. అంతమంది చూస్తున్నారని గుర్తొచ్చి చెయ్యి వదిలేసింది.

"కాళ్ళు కడుక్కో మావా. అన్నం సల్లారిపోనాది."

ఘోష్ రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. ట్యాగు తీస్తే గానీ సరఫరా ఇవ్వడానికి వీల్లేదు, తగిలించినవాడే తియ్యాలి. చిన్నారావు పెట్టె మెట్టుమీద దించి, తాళం తీసి ట్యాగు చేతిలోకి తీసుకున్నాడు. "రీజన్?" అని ఘోష్ కలం పట్టుకుని నిలబడ్డాడు. చిన్నారావు తలొంచుకుని "కంప్యూటర్ అప్‌డేట్ సార్" అన్నాడు. ఘోష్ ఒకసారి ఆయన మొహంలోకి చూసి, అదే రాసుకున్నాడు.

చిన్నారావుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎంతమంది కుర్రాళ్ళకి ఈ ట్యాగు విలువ నేర్పాడు తను! మహతో మాత్రం పక్కనే నిలబడి మెరిసే కళ్ళతో, "చాచా, మైనే ట్యాగ్ ఛువా తక్ నహీ," అన్నాడు. ముట్టుకోనైనా లేదట. నిజంగా మనిషి లైను మీద ఉండి ఉంటే, బతికేవాడు. చిన్నారావు అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అప్పుడే ఆటో ఆగింది. శ్రీదేవి పరుగెత్తుకుంటూ వచ్చింది. చున్నీ ఒకవైపు నేలమీద ఈడుస్తోంది. తండ్రి నిలబడి ఉండటం చూసి ఆగిపోయింది, తర్వాత ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఈసారి కుళాయి చప్పుడేం లేదు. చిన్నారావుకి అది చూడటం ఇంకా కష్టమైంది.

"అమ్మా, కరెంటు పోయింది. నా వల్లే పోయింది. నీ ప్రాజెక్టు... మళ్ళీ నానే పోగొట్టీసేను. నువ్వు నమ్మి అప్పగిత్తే..."

సన్యాసమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది. రెండు గంటలుగా దాచుకున్నది ఇక దాచలేకపోయింది.

"నువ్వు కాదు మావా. కరెంటు పోకముందే ఆరిపోనాది. నువ్వటెల్లేవు, అదిటు ఆరిపోనాది. ఫ్యాను తిరుగుతానే ఉంది. నాను ముట్టుకోలేదు, నీ మీదొట్టు! ఏటి సేసేనో తెలీక నల్లటి తెరనే సూత్తా కూకున్నాను."

శ్రీదేవి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "అది అయిపోతే దానంతట అదే ఆగిపోతుందమ్మా. అంటే అయిపోయినట్టే."

"మరి ప్రాజెక్టు?" అన్నాడు చిన్నారావు.

"పొద్దున్నే ఇచ్చేశా నాన్నా. పెన్‌డ్రైవ్‌లో వేసుకునే వెళ్ళాను."

చిన్నారావు మెట్టుమీది పెట్టెని నెమ్మదిగా పక్కకి జరిపాడు. పిల్ల తనని నమ్మలేదన్నమాట. నమ్మకపోవడం న్యాయమే. అయినా లోపల ఎక్కడో నొప్పిగా ఉంది.

"అలాటప్పుడు నన్నెందుకు తల్లీ కాపలా కూకోబెట్టేవు?"

శ్రీదేవి చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"నువ్వు ఆ గదిలోకి వస్తావని. ఏడు నెలలయింది నాన్నా. మ్యాచి బయట నిలబడి చూస్తావు. కూర్చోమంటే కాళ్ళు బాగానే ఉన్నాయంటావు. వద్దంటే వినవు, రమ్మంటే రావు. పని చెబితే మాత్రం ఎక్కడికైనా వస్తావు కదా. అందుకే పని చెప్పాను."

కోపం ఎప్పుడు పోయిందని అడగబోయాడు చిన్నారావు. పిల్ల మొహం చూశాక, ఆ కోపం ఆ కుళాయి కట్టేసినప్పుడే పోయిందని తెలిసిపోయింది. మిగతా ఏడు నెలలూ ఆయన ఒక్కడే మోసుకు తిరిగాడు. కూతురి తలమీద చెయ్యి వేశాడు. హెల్మెట్ తీసి ఆమె చేతికిచ్చాడు.

ఏడు వీధుల్లోనూ ఫ్యాన్లు తిరగడం మొదలెట్టాయి. నిచ్చెన వెళ్ళిపోయింది, అంబులెన్సు వెళ్ళిపోయింది. నేరేడు చెట్టుని పొడిచినాయన రాలిన ఆకులు ఏరుకుంటూ కాసేపు ఉండి వెళ్ళిపోయాడు. చిన్నారావు ముందుగదిలోకి వెళ్ళి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. సన్యాసమ్మ అన్నం కంచం అక్కడికే తెచ్చిచ్చింది. ఉప్పు చూసి మరీ తెచ్చింది.

శ్రీదేవి కంప్యూటరు పెట్టింది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. చిన్నారావు ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం పూర్తయ్యాక అడిగాడు.

"ఇంతకీ ఆ అప్‌డేట్ ఎందుకమ్మా?"

శ్రీదేవి ఏదో నొక్కి, తెరమీద వచ్చిన నాలుగు వరసలు చదివింది.

"కొన్ని దేశాల్లో ఎండాకాలం వచ్చేముందు గడియారాలు గంట ముందుకి జరుపుతారు నాన్నా. ఆ జరిపే తేదీ ఈ ఏడు మార్చారట. అది సరిచెయ్యడానికి."

"మన దగ్గర?"

"మన దేశంలో అసలు జరపరు."

చిన్నారావు బుద్ధిగా తలూపి, మజ్జిగ పోసుకున్నాడు. ఆ ఏడు ఆ దేశాల్లో గడియారాలన్నీ సరిగ్గానే నడిచాయని వినికిడి.